ఎరుపు అంటే ఎంత?

(స్వర్ణోత్సవాల రెండో రోజు మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబ్‌లో చేసిన ప్రసంగ పాఠం. వక్త మన బడి 1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఇంజినీర్.)

భోజనాల తర్వాత పెట్టిన ప్రసంగం ఇది. ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను. మా రోజుల్లో లెక్కల పీరియడ్ ఎప్పుడూ ఈ వేళకే ఉండేది, మా బ్యాచ్‌కు ఆ సాధన బాగా ఉంది.

మీ ఎడమ చేతి వైపు బల్ల మీద ఐదు తెరలు కనిపిస్తున్నాయి కదా. ఒకటి బీబీసీ మైక్రో, ఒకటి స్పెక్ట్రమ్, మూడోది కమడోర్ 64, నాలుగోది పాత పీసీ, చివరిది నా లాప్‌టాప్. ఐదింటి మీదా ఇంగ్లిష్ అక్షరాల్లో ‘సరూర్‌నగర్’ అని ఎర్రగా, దాని కింద మన బడి పేరు ఆకుపచ్చగా వస్తోంది. ఐదింటికీ ప్రోగ్రాం ఒకటే, సీ భాషలో రాసింది. పొద్దున ఒక తమ్ముడు చూసి, “అన్నా, ఇంతేనా?” అన్నాడు. ఇంతే. కానీ ఈ ఇంతకే నాకు రెండు నెలల ఆదివారాలు పట్టాయి. ఎందుకు పట్టాయో చెప్పడానికే నిలబడ్డాను.

కంప్యూటర్‌కు ఎరుపు తెలియదు, అంకె తెలుసు. మరి ఎరుపు అంటే ఎంత? బీబీసీ మైక్రోను అడిగితే 129 అంటుంది. స్పెక్ట్రమ్ 2 అంటుంది. కమడోర్ 28 అంటుంది. పీసీ 4 అంటుంది. లాప్‌టాప్ తెర 31 అంటుంది. ఐదు యంత్రాలు, ఐదు జవాబులు. ఎవరి లెక్క వాళ్లకు ఒప్పే.

బీబీసీతో మొదలుపెడతాను, ఎందుకంటే మన దేశపు బడుల్లోకి కంప్యూటర్ అడుగుపెట్టింది ఆ రూపంలోనే. 1984–85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద ప్రయోగాత్మకంగా 250 పాఠశాలలకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. తర్వాత మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్లు అదే యంత్రాన్ని ‘యూనికార్న్’ పేరుతో తయారు చేశారు. ఆ 250లో మన బడి లేదు. మేం పదో తరగతిలో కంప్యూటర్ బొమ్మను పుస్తకంలో చూసి పరీక్ష రాసినవాళ్లం. బల్ల మీదున్న ఈ బీబీసీని నేను నాలుగేళ్ల కింద ఒక విద్యాసంస్థ స్క్రాప్ వేలంలో కొన్నాను. ఒక మాట, ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఇలాంటిది ఉంటే సంతోషం పట్టలేక వెంటనే ప్లగ్గులో పెట్టకండి. దాని పవర్ సప్లైలో కరెంటు వచ్చే దగ్గర కెపాసిటర్లు ఉంటాయి. నలభై ఏళ్లలో వాటి పైతొడుగు పగిలి తేమ పడుతుంది. స్విచ్ వేసిన కొద్దిసేపటికి గదంతా పొగ. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ముందు అవి కొత్తవి తెచ్చి వేయించండి.

ఈ యంత్రంలో ఏడో మోడ్ అని ఒకటి ఉంది. వరుసకు 40 అక్షరాలు, 25 వరుసలు. టీవీల్లో టెలిటెక్స్ట్ కోసం చేసిన చిప్పునే ఇందులో పెట్టారు. మొత్తం తెరకు ఒక్క కిలోబైట్ మెమరీ చాలు. యంత్రంలో ఉన్నదే 32 కిలోబైట్లు కాబట్టి ఈ పొదుపు చిన్నది కాదు. రంగు ఎలా వస్తుందంటే, వరుసలో 129 అనే కోడ్ పెడితే అక్కడి నుంచి ఆ వరుస చివరిదాకా అక్షరాలు ఎర్రగా వస్తాయి. 130 ఆకుపచ్చ, 131 పసుపు, అలా 135 తెలుపుదాకా. చిక్కెక్కడంటే, ఆ కోడ్ కూడా తెర మీద ఒక అక్షరం చోటు తీసుకుంటుంది. కంటికి ఖాళీగా కనిపిస్తుంది గానీ చోటు మాత్రం పోయినట్టే. ఒక మాట మధ్యలో రంగు మార్చాలంటే మాట రెండు ముక్కలవుతుంది. కింది వరుసకు వెళ్లగానే మళ్లీ తెలుపుతో మొదలు. రంగు కావాలంటే ప్రతి వరుసకూ మళ్లీ చెప్పాల్సిందే, హోంవర్క్ చెప్పినట్టు.

అదే యంత్రాన్ని వేరే మోడ్‌లో పెడితే లెక్క మారిపోతుంది. అక్కడ 17 పంపి, తర్వాత రంగు అంకె పంపాలి. రెండో మోడ్‌లో 2 అంటే ఆకుపచ్చ. ఒకటో మోడ్‌లో అదే 2 పసుపు. ఒకే యంత్రం, ఒకే అంకె! రెండో మోడ్‌లో తెరే 20 కిలోబైట్లు మింగుతుంది, మన ప్రోగ్రాంకు మిగిలేది ఎనిమిదిన్నర. రంగు ఎంత ఖరీదైన వస్తువో ఈ తరం పిల్లలకు చెప్పినా నమ్మరు.

ఇప్పుడు స్పెక్ట్రమ్. మన దగ్గర పుణేలో డెసిబెల్స్ అనే కంపెనీ దీన్ని అమ్మేది. రబ్బరు మీటల బ్రిటిష్ యంత్రానికి మన దేశపు తమ్ముడు. ఇది రంగును అక్షరాలతో కలపదు. అక్షరాల చుక్కలు ఒక చోట, రంగులు ఇంకో చోట. 22528వ అడ్రసు నుంచి 768 బైట్లు ఉంటాయి. వరుసకు 32 గళ్లు, 24 వరుసలు, గడికి ఒక బైటు. ఆ బైటులో కింది మూడు బిట్లు అక్షరం రంగు, పై మూడు వెనక రంగు, ఒక బిట్ వెలుగు పెంచడానికి, ఒకటి మిణుకుమనడానికి. నల్ల పలక మీద ఎర్ర అక్షరం కావాలంటే 2. తెల్ల పలక మీదైతే 58. ఏడు ఎనిమిదులు యాభై ఆరు, దానికి రెండు కలిపితే యాభై ఎనిమిది. లెక్కల సార్ తల ఊపుతున్నారు కాబట్టి తప్పు లేదనుకుంటాను.

ఎరుపుకు 2 ఎందుకొచ్చిందో చూడండి, నాకు ఈ బల్ల మీద అన్నిటికన్నా నచ్చిన విషయం ఇది. టీవీ తెరలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే దీపాలు. మూడు దీపాలకు 1, 2, 4 అని అంకెలిచ్చి కలుపుకుంటే ఎనిమిది రంగులు వస్తాయి. ఎవరికి ఏ అంకె ఇవ్వాలన్నది తయారుచేసినవాడి ఇష్టం. బీబీసీ వాళ్లు ఎరుపు 1, ఆకుపచ్చ 2, నీలం 4 అన్నారు. ఐబీఎం వాళ్లు దాన్ని తిరగేసి నీలం 1, ఆకుపచ్చ 2, ఎరుపు 4 అన్నారు. స్పెక్ట్రమ్‌లో నీలం 1, ఎరుపు 2, ఆకుపచ్చ 4. వినడానికి ఇది తిక్క వరుసలా ఉంటుంది. కానీ నలుపు తెలుపు టీవీ మీద చూస్తే, నీలం వెలుగు వందలో 11 పాళ్లు, ఎరుపు 30, ఆకుపచ్చ 59. అందుకని 0 నుంచి 7 దాకా అంకె పెరిగేకొద్దీ బూడిద రంగు మెట్టు మెట్టుగా తెల్లబడుతుంది. రంగుల టీవీ కొనలేని ఇంట్లో కూడా ఎనిమిది రంగులు ఎనిమిది వేర్వేరు ఛాయలుగా కనిపిస్తాయి. మన దేశంలో రంగుల ప్రసారం 1982లో మొదలైంది గానీ, మా కొత్తపేట, సరూర్‌నగర్ ఇళ్లలో ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నలుపు తెలుపే. ఇక్కడ కుషాయిగూడలో ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ ఎంతమంది ఇళ్లలో ఉండేదో చేతులెత్తమంటే సగం హాలు లేస్తుంది. అలాంటి ఇంటిని మనసులో పెట్టుకుని అంకెలు వేసిన యంత్రం అది.

కమడోర్ గురించి ఎక్కువ చెప్పను. న్యూజెర్సీలో ఉన్న మా బ్యాచ్ మిత్రుడు సూట్‌కేసులో బట్టలు తీసేసి మరీ తెచ్చాడు. పదహారు రంగులు, అక్షరానికి ఒక రంగు. 28 పంపితే ఎరుపు, 30 పంపితే ఆకుపచ్చ, చోటు కూడా తినదు. వెనక రంగు మాత్రం మామూలు తెరలో మొత్తానికీ ఒకటే.

పీసీ దగ్గరికొస్తే మీలో చాలామంది నాకన్నా బాగా చెప్పగలరు. 1990ల్లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బస్సు దిగితే ఏ మెట్లెక్కినా ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అందరూ నేర్పింది టర్బో సీనే. అక్కడ ఎరుపు 4. దానికి 128 కలిపితే మిణుకుతుంది. రంగు పెట్టి ప్రింట్‌ఎఫ్ అని రాస్తే అక్షరాలు తెల్లగానే వచ్చేవి. సీప్రింట్‌ఎఫ్ అని రాయాలి, అప్పుడే రంగు పడుతుంది. ఈ మాట వినగానే వెనక వరుసలో నలుగురు నవ్వారు, వాళ్లు ఏ రోడ్డు మీద చదువుకున్నారో తెలిసిపోయింది. పసుపు కావాలంటే ఎరుపు 4, ఆకుపచ్చ 2 కలిపి 6 ఇస్తాం కదా, వచ్చేది మట్టి రంగు. ఐబీఎం రంగుల మానిటర్‌లో ఆ ఒక్క అంకెకు ఆకుపచ్చను తగ్గించే సర్క్యూట్ ప్రత్యేకంగా పెట్టారు. అసలు పసుపు 14.

లాప్‌టాప్ తెరకు ఎస్కేప్ అనే కోడ్, ఒక చదరపు బ్రాకెట్, 31, చివర ‘ఎమ్’ అక్షరం పంపాలి. ఈ పద్ధతి 1970ల నాటి ప్రమాణం. ఇవాళ్టికీ సర్వర్ల ముందు కూర్చున్న పిల్లలు వాడుతున్నది దాన్నే. 31లో చివరి అంకె 1 చూశారా? బీబీసీ వరుసే. 32 ఆకుపచ్చ, 34 నీలం.

ఇక సీ భాష. యంత్రం మారినా ప్రోగ్రాం మారకూడదన్నది దాని పేరు. కానీ 1989లో వచ్చిన సీ ప్రమాణం మొత్తం వెతికినా అందులో రంగు అనే మాట లేదు, తెర అనే మాట కూడా లేదు. ప్రింట్‌ఎఫ్ అక్షరాలను బయటికి పంపుతుంది, అంతే. అవి తెర మీద పడతాయో, కాగితం మీద పడతాయో, ఫైల్లోకి వెళతాయో దానికి పట్టదు. రంగు సంగతి ఎవరి యంత్రంలో వాళ్లు చూసుకోవాలి.

అందరికీ మొదట తోచే దారి ఒకటుంది. ప్రోగ్రాంలో రంగు అవసరమైన ప్రతిచోటా, బీబీసీ అయితే 129, స్పెక్ట్రమ్ అయితే 2 అని షరతులు రాసుకుంటూ పోవడం. పది వరుసల ప్రోగ్రాంకు పనికొస్తుంది. వెయ్యి వరుసలకు వచ్చేసరికి అడవి. నేను చేసిందేమిటంటే, అసలు ప్రోగ్రాంలో రంగు పేరు ఎక్కడా రాయలేదు. శీర్షిక, మామూలు, హెచ్చరిక, ప్రమాదం అని నాలుగు మాటలే పెట్టుకున్నాను. ‘ఈ మాటను ప్రమాదంగా చూపించు’ అంటుంది ప్రోగ్రాం. ప్రమాదాన్ని ఎలా చూపించాలో ఒక్కో యంత్రానికి ఒక చిన్న ఫైలు చూసుకుంటుంది. ఫైలుకు పాతిక ముప్పై వరుసలు. స్పెక్ట్రమ్‌కు జడ్88డీకే, కమడోర్‌కు, బీబీసీకి సీసీ65 అనే కంపైలర్లు వాడాను, రెండూ ఉచితమే. బీబీసీకి అక్షరం పంపే ముక్క మాత్రం చేత్తో రాసుకున్నాను.

ఒక నియమం బీబీసీ కోసమే పెట్టాల్సి వచ్చింది. రంగు మాటకూ మాటకూ మధ్య ఖాళీలోనే మారాలి, మాట లోపల మారకూడదు. ఆ ఖాళీని కూడా యంత్రం ఫైలే వేస్తుంది. బీబీసీలో రంగు కోడే ఆ ఖాళీ అవుతుంది, మిగతా వాటిలో మామూలు ఖాళీ. దాంతో ఐదు తెరల మీదా అక్షరాలు ఒకే వరుసలో కుదిరాయి. అందరికన్నా ఇబ్బందిలో ఉన్న యంత్రాన్ని అడిగి నియమం పెట్టుకుంటే మిగతా నాలుగూ సర్దుకుపోయాయి.

ఇదంతా రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డవాడి కాలక్షేపం అని మా ఇంట్లో కూడా అంటారు. కాదు. ఈ అంకెల గొడవ నేను ఉద్యోగంలో చూశాను. ఊరి పేరు, సంస్థ పేరు చెప్పను. 1990ల చివర, ఒక నీటి పంపుల స్టేషన్. పాత ప్యానెల్ మీద ఎర్ర దీపం వెలిగితే మోటారు నడుస్తున్నట్టు, ఆకుపచ్చ వెలిగితే ఆగినట్టు. మన దేశపు విద్యుత్ ప్యానెళ్లలో చాలాకాలంగా ఉన్న పద్ధతే అది. ఎరుపు అంటే కరెంటు ఉంది, ముట్టుకోకు అని. ఆ పక్కనే కొత్తగా కంప్యూటర్ తెర పెట్టారు. అది రాసినవాళ్లు కర్మాగారాల పద్ధతి పట్టుకున్నారు: నడిస్తే ఆకుపచ్చ, ఆగితే ఎరుపు. రెండూ ఒకే గదిలో, నాలుగు అడుగుల దూరంలో. ఒక రాత్రి షిఫ్ట్‌లో నీళ్లు తోడే మోటారు ఆగిపోయింది. తెర మీద దాని బొమ్మ ఎర్రగా మారింది. ఇరవై ఏళ్లుగా ఎర్ర దీపం చూసి నిశ్చింతగా ఉన్న ఆపరేటర్ అది నడుస్తోందనుకున్నాడు. తెల్లవారేసరికి సంపు పొంగి మోటారు గదిలో మోకాలి లోతు నీళ్లు. మనుషులకు ఏమీ కాలేదు, అదృష్టం.

ఆ ప్రోగ్రాంను సరిచేయడానికి నన్ను పంపారు. అదీ సీలో రాసిందే. తెరిచి చూస్తే 4 అనే అంకె వందల చోట్ల ఉంది. కొన్ని చోట్ల 4 అంటే మోటారు ఆగింది, కొన్ని చోట్ల లోపం వచ్చింది, కొన్ని చోట్ల ఊరికే అందంగా ఉంటుందని శీర్షికకు పెట్టిన ఎరుపు. వెతికి మార్చెయ్ అంటే ఏ 4 ఏ ఉద్దేశంతో రాశారో ఎవరికి తెలుసు? రాసినవాళ్లు ఉద్యోగం మారి వెళ్లిపోయారు. ఆపరేటర్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో తెర తెరిచి, ఒక్కో 4 దగ్గర ఆగి, దాని అర్థాన్ని మాటల్లో రాసుకుంటూ వచ్చాం. పదకొండు రోజులు పట్టింది. ఆ ఆపరేటర్‌ను అప్పటికే సస్పెండ్ చేశారు. అంకెల జాబితా చూపించాక వెనక్కి తీసుకున్నారు. శీర్షిక, ప్రమాదం అని మాటలు పెట్టుకుని రాయడం నాకు అక్కడే అలవాటైంది.

ఇంకో జాగ్రత్త కూడా అక్కడిదే. ఆనాటి పీసీల్లో చాలావాటికి రంగు మానిటరే ఉండేది కాదు, ఆకుపచ్చదో కాషాయం రంగుదో ఒంటి రంగు తెర. ఎరుపు అని పంపిన అక్షరం దాని మీద మామూలు అక్షరంలా వస్తుంది. నీలం అని పంపితే కింద గీత పడుతుంది! మనుషుల్లో కూడా ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లు ఉంటారు, ముఖ్యంగా మగపిల్లల్లో. నాకు తెలిసి మా బ్యాచ్‌లోనే ఒకడున్నాడు, వాడికి ఆ సంగతి డ్రైవింగ్ లైసెన్స్‌కు వెళ్లినప్పుడు తెలిసింది. అందుకని నా ప్రోగ్రాంలో ప్రమాదం ఒక్క రంగుతోనే రాదు, పక్కన ఒక ఆశ్చర్యార్థకం కూడా వస్తుంది. టీచర్లకు ఒక విన్నపం. మన ప్రోగ్రెస్ కార్డుల్లో తక్కువ మార్కుల కింద ఎర్ర సిరా గీత ఒక్కటే గీస్తాం. జిరాక్స్ తీస్తే అది నల్ల గీత. పక్కన ఒక అక్షరం కూడా రాస్తే నష్టం లేదు కదా.

తెలుగు సంగతి చెప్పకుండా వదిలితే తెలుగు సార్ ఊరుకోరు. ఈ నాలుగు పాత యంత్రాల్లో ఏదీ తెలుగు అక్షరంతో పుట్టలేదు. బీబీసీ ఏడో మోడ్‌లో రంగు చవక, కానీ అక్షరాలు చిప్పులో అచ్చయి ఉన్నాయి, మార్చలేం. వేరే మోడ్‌లో మన అక్షరాలు మనమే చుక్కలతో గీసుకోవచ్చు, అప్పుడు మెమరీ పోతుంది. పీసీలకు సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు వచ్చాక గానీ ఆ ఇబ్బంది తీరలేదు. స్పెక్ట్రమ్‌లో మనం గీసుకోవడానికి 21 గళ్ల అక్షరాలు ఇచ్చారు. గడి ఎనిమిది చుక్కలు పొడవు, ఎనిమిది వెడల్పు. అందులో తెలుగు అక్షరం పట్టదు, తలకట్టు ఉంటే అడుగు ఉండదు. నాలుగు గళ్లు కలిపి ఒక అక్షరం అనుకుంటే పడుతుంది. ‘సరూర్‌నగర్’ తీసుకోండి. స, రూ, ర్, న, గ, మళ్లీ ర్. వేర్వేరు అక్షరాలు ఐదు, ఐదు నాలుగులు ఇరవై. ఉన్నవి ఇరవై ఒకటి! రూ దీర్ఘం కాస్త నలిగింది గానీ మన ఊరి పేరు పట్టింది, ఒక గడి మిగిలింది కూడా. రంగు గడికి ఒక్కటే కాబట్టి నాలుగు గళ్లకూ ఒకే రంగు వేయాలి. ఒక్క గడి మరిచినా అక్షరం తల ఎర్రగా, కాళ్లు తెల్లగా వస్తాయి. ప్రసంగం అయ్యాక చూపిస్తాను.

చివరిగా, కమిటీ పెద్దలకు. ఈ యంత్రాలను బడికి ఇచ్చేస్తున్నామని నిన్న ప్రకటించారు. వాటిని ఆఫీసు గది బయట అద్దాల బీరువాలో పెడదామని ఒక ఆలోచన ఉందట. బీరువాలో పెడితే చూసి వెళ్లిపోతారు. ఫిజిక్స్ ల్యాబ్‌లో ఆ మూల బల్ల మీద పెట్టండి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ముట్టుకోనివ్వండి. పాడైతే నేను రిపేర్ చేస్తాను, ఎల్బీనగర్ నుంచి మెట్రోలో వస్తే పది నిమిషాల పని. ప్రోగ్రాం, ఐదు ఫైళ్లు, వైరింగ్ బొమ్మ పెన్‌డ్రైవ్‌లో కంప్యూటర్ టీచర్‌కు ఇచ్చాను. ఆరో ఫైలు ఖాళీగా ఉంచాను. ఎవరింట్లోనైనా ఇంకో రకం పాత యంత్రం ఉంటే పట్టుకురండి. దానికి ఎరుపు అంటే ఎంతో పిల్లలే కనిపెట్టి రాస్తారు. బీబీసీకి ఒక రంగుల మానిటర్ కూడా కావాలి. ఇప్పుడు పెట్టింది మా ఇంటి టీవీ, రాత్రికి తిరిగి తీసుకెళ్లాలి.